గాలి తిరిగింది, రాళ్ల వాన హెచ్చరిక ఉంది: కల్లంలో మిర్చి, చెట్టు మీద పండు ఏం చేయాలి?

పాకాల ఆయకట్టు:
నర్సంపేట దగ్గర మూడెకరాల మిర్చి, తేజ రకం. కల్లంలో సగం కాయ ముప్పావు వంతు ఎండింది, మిగతా సగం మొన్న కోసిన పండు. చెట్టు మీద ఇంకో కోతకు సరిపడా ఎరుపెక్కింది. నాలుగు రోజుల కింది దాకా పొద్దుగాల వణికించే చలి, ఉత్తరం గాలి. ఇప్పుడు గాలి ఆగ్నేయం నుంచి వీస్తోంది, రాత్రి చలి తగ్గింది, ఎనిమిదింటి దాకా పొగమంచు. ఎల్లుండి నుంచి రెండు రోజులు 'అక్కడక్కడ ఉరుములు, ఈదురుగాలులు, వడగండ్లతో వాన' అని ఎల్లో హెచ్చరిక ఇచ్చారు. చలి పోయినట్టేనా? కూలీలు రేపటికి దొరుకుతున్నారు, కోయించాలా? పక్కన ఎకరం మామిడి పూత మీద ఉంది, దానికేమైనా చేయాలా?

మబ్బుపట్టు:
మీరు చెప్పిన గుర్తులన్నీ ఒకే మార్పువి. మనకు చలి తెచ్చేది మధ్య భారతం మీదుగా దిగే పొడి ఉత్తరపు గాలి. ఆకాశంలో మబ్బు లేక, గాలిలో తేమ లేక నేల వేడి రాత్రంతా పైకి పోతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి ఎక్కువ ఉండేది అందుకే. ఫిబ్రవరి చివరికి బంగాళాఖాతం మీద అధిక పీడనం కుదురుకుంటే దాని అంచున తేమ గాలి మన మీదికి వస్తుంది. ఆ తేమే మీకు పొద్దున పొగమంచుగా కనిపిస్తోంది. అదే సమయంలో ఉత్తరాన పశ్చిమ అలజడి (పడమర నుంచి వచ్చే చలికాలపు వాతావరణ వ్యవస్థ) ద్రోణి కిందిదాకా దిగితే పైన గాలి బాగా చల్లబడుతుంది. కింద ఎండ, తేమ, పైన చలి ఉంటే మధ్యాహ్నం తర్వాత మేఘం నిలువునా లేస్తుంది. వానాకాలంతో పోలిస్తే గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు ఇప్పుడు తక్కువ. రాయికి కరిగే దూరం చాలక రాయిగానే నేల మీద పడుతుంది.

ఫోన్‌లో వాన గుర్తు కంటే డ్యూ పాయింట్ (గాలిలో తేమ మంచు బిందువుగా మారే ఉష్ణోగ్రత, ఎక్కువుంటే తేమ ఎక్కువని) చూడండి. ఉత్తరం గాలి ఉన్నప్పుడు అది 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. 16 దాటి, మధ్యాహ్నం ఎండలో కూడా దిగకపోతే మేఘానికి కావలసిన సరుకు ఉన్నట్టే.

చలి పూర్తిగా పోలేదు. ద్రోణి తూర్పుకు దాటాక ఉత్తరం గాలి మళ్లీ తిరిగి రెండు మూడు రాత్రులు చల్లబడవచ్చు. కానీ మైదానాల్లో శీతల గాలులు అని ప్రకటించాలంటే కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉండి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు పడిపోవాలి. ఈ రోజుల్లో వరంగల్‌లో అది అరుదు. మీ పంటకు భయం వానతోనే, చలితో కాదు.

ఇక 'అక్కడక్కడ' అంటే వాతావరణ శాఖ లెక్కలో ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతు దాకా వాన పడొచ్చని. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం, 'చాలా చోట్ల' అంటే 51 నుంచి 75. అంటే మీ ఊరికి తప్పే అవకాశమే ఎక్కువ. పడిన ఊళ్లో మాత్రం పావుగంటలో పని అయిపోతుంది. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే బులెటిన్‌లో అయిదు రోజుల అంచనా ఉంటుంది, కోత నిర్ణయం దాన్ని బట్టి తీసుకోండి.

ఓరుగల్లు సాగు:
కూలీలు దొరికితే మొత్తం కోయించు తమ్మీ. 2022 జనవరి రాళ్ల వానకు నర్సంపేట, పరకాల వైపు చెట్టు మీద కాయే రాలిపోయింది. కోసింది కల్లంలో అయినా ఉంటుంది.

కల్లం కాపలా:
అన్నా, ఆరబోసే ఎండ ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. అప్పుడే కోసిన పండులో సగానికి పైగా నీరే. రెండు రోజులు మబ్బులో పరదా కింద కుప్ప పడితే లోపల వేడెక్కి, చెమట పట్టి, తొడిమ దగ్గర బూజు మొదలవుతుంది. ఆ కాయ తెల్లబడి తాలు కింద పోతుంది, బూజు విషం అఫ్లాటాక్సిన్ సమస్య వేరే. ఉత్త వానకైతే చెట్టు మీది కాయ ఒక రోజు తట్టుకుంటుంది. దెబ్బ తీసేది రాయి, అది అందరికీ పడదు. కాబట్టి కొత్త కోత ఆపండి. రేపటి కూలీలను కల్లం మీద పెట్టండి.

ఎండినదాన్ని, పండును కలపొద్దు. కలిస్తే ఎండింది మళ్లీ తేమ పీల్చుకుంటుంది. ముప్పావు ఎండిన కాయను రేపు పొద్దున పది నుంచి పలుచగా పరిచి, గంటకోసారి తిరగేయండి. కాయ ఊపితే గింజ గలగలమనాలి, తొడిమ వంచితే పుటుక్కున విరగాలి. నిల్వకు తేమ 10, 11 శాతం ఉండాలి. అంతకు రాకపోతే బస్తా కుట్టొద్దు, మూతి విప్పి షెడ్డులో చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి. పండుకు షెడ్డులో చోటు చేసి జానెడు మందం మించకుండా పోయండి, ఫ్యాన్ ఉంటే పెట్టండి.

కల్లం చుట్టూ అడుగు లోతు కాలువ తీసి పల్లానికి వదలండి. కాయ తడిసేది పైనుంచి కంటే పరదా కింద చేరే నీటితోనే ఎక్కువ. పరదా అంచుల మీద రాళ్లు ఒక్కటే చాలవు. గంటకు 40, 50 కిలోమీటర్ల గాలికి లేచిపోతుంది. మట్టి నింపిన యూరియా బస్తాలు మూడడుగులకొకటి పెట్టి, పైన తాడు అడ్డంగా కట్టండి. వాన ఆగిన వెంటనే పరదా తీయాలి. ఎండ వచ్చాక కప్పి ఉంచితే కాయ ఉడికిపోతుంది.

రాయి పడితే, రాలిన కాయను ఆ పూటే ఏరి వేరుగా ఆరబెట్టండి. చేలో నిలిచిన నీరు తీసేసి, ఆకు ఆరాక కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టండి. తర్వాతి కోత మందు డబ్బా మీద రాసిన గడువు దాటాకే. తడి చెట్టు మీద కోయించొద్దు. నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే ప్రభుత్వ సాయం లెక్కలోకి వస్తుంది, అందుకే చేను దున్నకముందే ఫొటోలు తీసి ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పండి.

మానేరు గట్టు:
మామిడికి: పూత పూర్తిగా విచ్చుకొని ఉంటే పురుగు మందు జోలికి పోవద్దు, తేనెటీగలు చస్తాయి. చల్లటి రాత్రులు, తేమ కలిస్తే బూడిద తెగులు వస్తుంది. తెల్ల పొడి కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సాయంత్రం పూట, ఎండలో కొడితే పూత మాడుతుంది. వాన ముందు కొడితే కడుక్కుపోతుంది, తర్వాతే కొట్టండి. వాన పడితే కొమ్మలు ఊపి నీరు రాల్చి, మచ్చ తెగులు రాకుండా కార్బెండజిమ్ లీటరుకు 1 గ్రాము.

పాకాల ఆయకట్టు:
కోత ఆపుతున్నా. ఎల్లుండి పొద్దున ఎండ కాస్తే పండు బయట పోయవచ్చా? ఎప్పుడు కప్పాలి?

మబ్బుపట్టు:
పోయండి. పొద్దున ఎండ ఎంత గట్టిగా కాస్తే మధ్యాహ్నం మేఘం అంత బలంగా లేస్తుంది కాబట్టి రెండింటికల్లా కుప్ప చేసి పెట్టుకోండి. రాళ్ల వాన ఎక్కువగా మూడు నుంచి రాత్రి ఎనిమిది మధ్యే. మేఘాలు పడమర నుంచి తూర్పుకు నడుస్తాయి, హైదరాబాద్ రాడార్ బొమ్మలో సిద్దిపేట, జనగామ వైపు చూడండి. సిద్దిపేట మీద ఎర్రటి ముద్ద కనిపించి గంటకు 35, 40 కిలోమీటర్లు నడిస్తే హనుమకొండకు రెండు గంటలు, మీకు ఇంకో గంట. వరంగల్ దూరానికి ఆ రాడార్ కిరణం నేలకు రెండు కిలోమీటర్లకు పైనే చూస్తుంది, కింద ఏముందో కనపడదు. అందుకని మూడు గంటలకోసారి ఇచ్చే నౌకాస్ట్‌తో (రాబోయే కొద్ది గంటల అంచనాతో) కలిపి చూడండి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్‌లో 20 కిలోమీటర్ల లోపల పిడుగు చూపిస్తే పరదా సర్దుతున్నవాళ్లను కూడా లోపలికి పిలిచేయండి, కల్లం పక్క చెట్టు కింద నిలబడనివ్వొద్దు.