హైస్కూలు పిల్లలకు టార్ట్ చట్టం: నిర్వచనంతో మొదలుపెట్టాలా, కేసుతోనా?

ప్రశ్న: సోషల్ టీచర్

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు టార్ట్ చట్టాన్ని (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే సివిల్ చట్టం) పరిచయం చేసే పని నాకు అప్పగించారు. మూడు పీరియడ్లు ఇచ్చారు. నేను లా చదివినవాణ్ణి కాను, పుస్తకాలు తిరగేసి నోట్సు తయారు చేసుకున్నాను. మొదటి పీరియడ్‌లో "కర్తవ్యం, ఉల్లంఘన, కారణ సంబంధం, నష్టం" అని బోర్డు మీద రాయగానే సగంమంది కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. మిగతా సగం రెండు జట్లుగా చీలిపోయారు. దెబ్బ తగిలిందంటే తగిలించినవాడు డబ్బు కట్టాల్సిందే అని ఒక జట్టు. కావాలని చేయనప్పుడు తప్పెలా అవుతుందని ఇంకో జట్టు. ఇద్దరి వాదనలోనూ లోపం ఉందని తెలుస్తోంది గానీ, ఆ వయసు వాళ్లకు అదెక్కడుందో చూపించేదెలా? రెండో పీరియడ్‌లో సీసాలో నత్త కేసు (జింజర్ బీర్ తాగిన ఒకావిడ, సీసాలో నత్త ఉందని తయారీదారు మీద వేసిన దావా) చెబుదామనుకుంటున్నాను. అనుభవమున్నవాళ్లు సలహా ఇవ్వగలరు.

జవాబు: నల్లకోటు

మాస్టారూ, నత్తను ప్రస్తుతానికి సీసాలోనే ఉండనివ్వండి. స్కూళ్లకు వెళ్లి న్యాయపాఠాలు చెబుతుంటాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను: ముందు స్కేళ్ల కేసు చెప్పండి.

1988లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, ఒక స్కూల్లో లెక్కల క్లాసు ముగిసే వేళ. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పదిహేనేళ్ల స్నేహితురాళ్లు ప్లాస్టిక్ స్కేళ్లతో కత్తియుద్ధం మొదలుపెట్టారు. ఒక స్కేలు పుటుక్కున విరిగి, ముక్క ఎగిరి ఒకమ్మాయి కంట్లో గుచ్చుకుంది. ఆ కంటికి చూపు పోయింది. ఆమె స్నేహితురాలి మీదా, స్కూలు బాధ్యత చూసే అధికారుల మీదా దావా వేసింది.

అక్కడ ఆపండి. తీర్పు ఏమిటని ఎంత బతిమాలినా చెప్పకండి. ఎవరు కట్టాలి, ఎందుకు కట్టాలి అని ప్రతి ఒక్కరిచేతా రెండు వాక్యాలు రాయించి కాగితాలు తీసుకోండి. నోటితో చెప్పమంటే క్లాసులో గట్టి గొంతున్న నలుగురి అభిప్రాయమే అందరి అభిప్రాయం అయిపోతుంది.

ఆ తర్వాత తీర్పు. కింది కోర్టు టీచరు తప్పేమీ లేదంది, ఇద్దరమ్మాయిలదీ చెరిసగం నిర్లక్ష్యమని తేల్చింది. అమ్మాయిలది నిర్లక్ష్యమన్న మాటను అప్పీలు కోర్టు కొట్టేసింది. పదిహేనేళ్ల మామూలు అమ్మాయి ఈ ఆటలో ఇంత గాయం కావచ్చని ముందే ఊహించగలదా అన్నది వాళ్లు వేసుకున్న ప్రశ్న. ఆ ఆటను స్కూల్లో నిషేధించినట్టు గానీ, అంతకుముందు దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలినట్టు గానీ సాక్ష్యం లేదు. కాబట్టి నిర్లక్ష్యం లేదు. కన్ను పోయినా పరిహారం రాలేదు.

ఎవరో ఒకరు "అన్యాయం సార్!" అని లేస్తారు. లేవనివ్వండి. అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది. ఒక్కో వాస్తవం మార్చి మళ్లీ అడగండి. వారం ముందే అసెంబ్లీలో ఈ ఆట ఆడొద్దని హెచ్చరించి ఉంటే? స్కేలు అప్పటికే బీటలు వారి ఉంటే? ఆడినవాళ్లు పాతికేళ్ల వాళ్లయితే? ఒకమ్మాయి "చాలు, ఆపు" అన్నాక కూడా రెండో అమ్మాయి కొడుతూ ఉంటే? చివరిది చాలా ముఖ్యం. అక్కడ వ్యవహారం నిర్లక్ష్యం దాటి కావాలని చేయిచేసుకోవడం దాకా వెళ్తుంది, ఆ గీత ఎక్కడుందో పిల్లలే వెతుక్కుంటారు. మీరు బోర్డు మీద రాసిన నాలుగు మాటలూ ఈ వాదనలోనే వచ్చేస్తాయి.

"కావాలని చేయలేదు" జట్టుకు 1837 నాటి గడ్డివాము కేసు. ఒకాయన పొరుగువాడి హద్దు దగ్గర వాము వేశాడు. అది అంటుకునేలా ఉందని జనం వారాల తరబడి హెచ్చరించారు. ఏమైతే అదే కానీ అన్నాడు. అంటుకుంది, పొరుగువాడి ఇళ్లు కాలిపోయాయి. నా బుద్ధికి తోచినంత జాగ్రత్త నేను తీసుకున్నాను అన్నది అతని తరఫు వాదన. ఒక్కొక్కరి బుద్ధిని బట్టి కొలబద్ద మార్చడం కుదరదు, మామూలు వివేకం ఉన్న మనిషి ఏం చేసేవాడో అదే కొలత అని కోర్టు తేల్చింది.

"నష్టం వస్తే కట్టాల్సిందే" జట్టుకు 1410 నాటి, ఇంగ్లండులోని గ్లోస్టర్ ఊరి కేసు. పాత బడికి పోటీగా ఇంకో మాస్టారు బడి తెరిచాడు. పాత బడివాళ్లు ఫీజు 40 పెన్నీల నుంచి 12 పెన్నీలకు దించుకోవాల్సి వచ్చింది. నష్టం కళ్లకు కనిపిస్తూనే ఉంది, అయినా దావా నిలవలేదు. పోటీ పెట్టడం ఎవరి హక్కునూ కాలరాయడం కాదు. ఈ కేసు వినగానే పిల్లలు మీ ముఖం వైపు అదోలా చూస్తారు, పట్టించుకోకండి.

జవాబు: లా లెక్చరర్

స్కేళ్ల కేసు బాగుంది గానీ, నత్తను అంత తేలిగ్గా తీసేయడం నాకు నచ్చలేదు. ఆ సీసాను కొన్నది తాగినావిడ కాదు, ఆమె స్నేహితురాలు. తయారీదారుతో ఆమెకు ఏ ఒప్పందమూ లేదు. మరి ఆయన ఆమె పట్ల జాగ్రత్తగా ఎందుకుండాలి? 1932లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దానికే జవాబు చెప్పింది, అదీ 3-2 తేడాతో. పిల్లలు తప్పకుండా "నత్త నిజంగా ఉందా?" అని అడుగుతారు. అది చివరిదాకా రుజువు కాలేదు. ఉందనే అనుకుంటే దావా చెల్లుతుందా అన్నదే కోర్టు తేల్చింది, ఆ తర్వాత విచారణ జరగకుండానే రాజీ అయింది. వాస్తవం వేరు, చట్టపరమైన ప్రశ్న వేరు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇంకొకటి. నేరానికీ టార్టుకూ తేడా మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి, లేకపోతే ప్రతి కేసులోనూ "జైలు ఎన్నేళ్లు?" అంటారు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్‌ను మాజీ భార్య, ఆమె స్నేహితుడి హత్యల కేసులో 1995లో క్రిమినల్ కోర్టు నిర్దోషిగా వదిలేసింది. అవే మరణాలకు 1997లో సివిల్ కోర్టు ఆయన్ను బాధ్యుణ్ణి చేసి పరిహారం కట్టమంది. మొదటిచోట సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, రెండోచోట సాక్ష్యాల మొగ్గు ఎటుందో చూస్తారు.

సోషల్ టీచర్

ఇద్దరికీ ధన్యవాదాలు. స్కేళ్ల కేసు చెప్పాను. కాగితాల్లో ఎక్కువమంది టీచరే కట్టాలని రాశారు! రెండు ప్రశ్నలు మిగిలాయి. తప్పు ఇద్దరిదీ అయితే లెక్క ఎలా? పిల్లల దగ్గర డబ్బుండదు కదా, అమ్మానాన్నలు కట్టాలా?

నల్లకోటు

మొదటిదానికి సీటు బెల్టు కేసు వాడండి. ఎదుటివాడి తప్పు వల్ల జరిగిన కారు ప్రమాదంలో గాయపడినవాడు బెల్టు పెట్టుకోకపోతే ఎలా అన్నదానికి 1975లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఒక లెక్క చెప్పింది: బెల్టు పెట్టుకుంటే గాయమే అయ్యేది కాదనుకుంటే పరిహారంలో 25 శాతం కోత, గాయం తగ్గేదనుకుంటే 15 శాతం, ఎలాగూ తగిలేదే అయితే కోత లేదు. ఒక అంకె ఇచ్చి లెక్క చేయించండి, లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు.

రెండోది దేశాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండు సంప్రదాయంలో తల్లిదండ్రులైనంత మాత్రాన బాధ్యత రాదు. ప్రమాదకరమైన వస్తువు పిల్లవాడి చేతికిచ్చి పట్టించుకోకపోతే అది వాళ్ల సొంత నిర్లక్ష్యం అవుతుంది. ఫ్రాన్సు సివిల్ కోడ్ మాత్రం మైనరు చేసిన నష్టాన్ని తల్లిదండ్రుల మీదే పెడుతుంది. ఏది న్యాయమని ఓటు పెట్టేముందు, పిల్లల్ని ఒక నిమిషం తల్లిదండ్రుల వైపు నుంచి వాదించమనండి.