లెక్కల క్లాసులో పిల్లలు నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న – ఏడో తరగతి లెక్కల టీచర్

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్తున్నాను. 38 మంది పిల్లలు. "అర్థమైందా?" అంటే "అయ్యింది టీచర్" అని గది అదిరిపోతుంది. "సరే, ఎలా చేశావో చెప్పు" అనగానే తల వంచుకుని కింద పడని పెన్ను వెతుకుతారు.

మొన్న 1/2 + 1/4 ఇచ్చాను. సగం మంది 2/6 రాశారు. పైవి పైవి, కిందవి కిందవి కలిపేశారు. తప్పు రాశారని కాదు నా బాధ. ఎందుకలా చేశావమ్మా అని అడిగితే ఒక్కరూ చెప్పరు, రబ్బరు తీసి గబగబా చెరిపేస్తారు. బోర్డు దగ్గరికి వచ్చేది ఎప్పుడూ ఆ నలుగురే. మీ క్లాసుల్లో ఏం చేస్తున్నారు?

జవాబు – రిటైర్డ్ హెడ్మాస్టర్

అమ్మా, ఒక్కటి గమనించండి. "ఎలా చేశావు?" అని మీరు ఎప్పుడు అడుగుతున్నారు? తప్పు చేసినప్పుడే కదా! నేనూ ఇరవై ఏళ్లు అదే చేశాను. టీచర్ ఎలా అని అడిగారంటే తప్పన్నమాటే అని పిల్లలకు తెలిసిపోతుంది, అందుకే రబ్బరు. జవాబు సరిగ్గా ఉన్నప్పుడు కూడా అడగండి, మొహంలో తేడా కనబడకుండా.

రెండోది, అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు సైన్సు క్లాసులను గమనిస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల నిడివి పెరిగింది. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. నిలబడి చూడండి, తెలుస్తుంది.

జవాబు – ట్యూషన్ మాస్టారు

చెప్పడానికి బాగానే ఉంది సార్. 38 మంది చేతా ఆలోచనలు చెప్పిస్తూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పరీక్షలో జవాబుకే కదా మార్కులు.

జవాబు – మరో స్కూల్ టీచర్

మాస్టారూ, మన విద్యా ప్రమాణాల్లో సమస్యా సాధన పక్కనే "కారణాలు చెప్పడం", "వ్యక్తపరచడం" కూడా ఉన్నాయి. రిజిస్టర్లో వాటికి మార్కులు వేసేస్తాం, క్లాసులో మాత్రం చేయించం. (నేనూ వేశాను, దాచడమెందుకు.)

అన్ని లెక్కలకూ అక్కర్లేదు, రోజుకు ఒక్కటి చాలు. ముందు పక్కవాళ్లకు చెప్పమనండి. క్లాసంతా వింటుంటే బిగుసుకుపోయే పిల్ల బెంచీలో స్నేహితురాలికి గడగడా చెప్తుంది. మీరు వెనక నిలబడి వినండి. తప్పు జవాబును పేరు చెప్పకుండా బోర్డు మీద రాయండి.

మళ్లీ ప్రశ్న అడిగిన టీచర్ – వారం తర్వాత

మేడమ్ చెప్పినట్టే 1/2 + 1/4 = 2/6 అని బోర్డు మీద రాసి, "ఒకరు ఇలా చేశారు, ఏమంటారు?" అన్నాను. నిశ్శబ్దం. మనసులో లెక్కపెట్టాను. మూడు దాటేసరికి నాకే ఊపిరాడలేదు.

మూడో బెంచీలో ఒకమ్మాయి ఉంది. వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుంది. ఈ ఏడాది నా క్లాసులో ఆ పిల్ల గొంతు వినలేదు. పక్కపిల్లతో గొణుగుతోంది. వెనకకు వెళ్లి విన్నాను: "టమాటా కిలో అరవై అనుకో. అరకిలో ముప్పై, పావుకిలో పదిహేను. నలభై ఐదు కావాలి. ఆరు భాగాలు చేసి రెండు తీసుకుంటే ఇరవయ్యే. అరకిలోకి పావు కలిపితే తగ్గుద్దా ఏంటి?"

అదే మాట గట్టిగా చెప్పమన్నాను. లేవలేదు, కూర్చునే చెప్పింది. నేనూ లేవమనలేదు. పక్క వరుసలో ఒకడు "అంటే ముప్పావు కిలో, 3/4" అన్నాడు. 2/6 రాసిన వాళ్లలో వాడూ ఒకడు.

ఆ ఒక్క లెక్కకే పన్నెండు నిమిషాలు పట్టింది. ట్యూషన్ మాస్టారు కోప్పడకూడదు.

అయితే ఇప్పుడు ఇంకో చిక్కు. నిన్న 1/3 + 1/4 ఇస్తే వాడే లేచి, "టీచర్, మూడో వంతు కిలోకు తూకం రాయి ఉండదు కదా, ఎలా?" అన్నాడు. రేపటికి ఆలోచించుకు రమ్మన్నాను, నాక్కూడా టైమ్ కావాలిగా. మీరైతే ఎలా మొదలుపెడతారు?