వై.వి. స్ట్రీట్‌లో బండికి గంట గడువు పెట్టమని అడగొచ్చా?

గాజుల అంగడి: కడప వై.వి. స్ట్రీట్‌లో మాది చిన్న అంగడి. షట్టర్ ఎత్తేలోపే ముందర బండ్లు నిండిపోతాయి. కొనేవాళ్లవి కావు, పక్క అంగళ్ల ఓనర్లవి, పనిచేసే పిల్లోళ్లవి. భోజనానికి తప్ప రాత్రి దాకా కదలవు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆడవాళ్లు స్కూటీ మీద రెండు రౌండ్లు కొట్టి, చోటు దొరక్క వెళ్లిపోతుంటే కడుపు మండుతుంది.

జవాబు: అడగొచ్చన్నా. మోటారు వాహనాల చట్టం (1988) 117వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చినవాళ్లు, స్థానిక సంస్థను సంప్రదించి పార్కింగ్ చోట్లు, అక్కడ ఎంతసేపు ఆపొచ్చో నిర్ణయించొచ్చు. 127వ సెక్షన్ కింద 10 గంటలు, ఆపైన వదిలేసిన బండిని పోలీసులు తీయించొచ్చు. మధ్యాహ్నం భోజనానికి బండి తీసి మళ్లీ తెచ్చి పెట్టేవాడు ఆ 10 గంటల లెక్కకెక్కడ దొరుకుతాడు? విడిగా గడువు ఉండాల్సిందే.

ఇంకో జవాబు: గంటలో పెళ్లి చీరలు తెములుతాయా? రెండు గంటలివ్వండి. అయినా చూసేదెవరు? టైరు మీద సుద్దతో గీత గీసి, మళ్లీ వచ్చి చూసే మనిషి కావాలి.

గాజుల అంగడి: రెండు గంటలైనా సరే. కానీ మావాళ్ల సంగతి నాకు తెలుసు, బండి నాలుగడుగులు జరిపి గీత చెరిపేస్తారు! అంగడోళ్ల బండ్లకు ముందు వేరే చోటు చూపించమని కూడా అర్జీలో రాస్తా.