పుల్‌మన్ పోర్టర్‌ని 'కూలీ' అనొచ్చా?

ఒక అనువాదం సరిచూస్తుంటే ఈ మాట తగిలింది: "రైల్వే కూలీల నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్". మూలంలో ఉన్నది పోర్టర్. మనకి పోర్టర్ అనగానే ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ, నెత్తిన రెండు సూట్‌కేసులు. అమెరికాలో పుల్‌మన్ పోర్టర్ ఉండేది బోగీలో, అంటే పుల్‌మన్ కంపెనీ నడిపిన పడక బోగీల్లో. వాళ్ళలో దాదాపు అందరూ నల్లజాతివారే. రాత్రికి పడకలు దించి దుప్పట్లు పరవాలి, బూట్లు పాలిష్ చేయాలి, గంట మోగినప్పుడల్లా పరుగెత్తాలి. మన ఏసీ బోగీ అటెండర్‌కి దగ్గర. ఉత్తినే 'అటెండర్' అని రాస్తే ఆఫీసులో ఫైళ్ళు మోసే మనిషి గుర్తొస్తాడు! మీరైతే ఏం రాస్తారు?

— కూలీ అస్సలు కుదరదండీ. పోర్టర్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఆ పనేమిటో చెప్పేస్తే చాలు. 'జార్జ్' ఎలా రాశారో కూడా చూడండి. ప్రయాణికులు ఏ పోర్టర్‌నైనా జార్జ్ అనే పిలిచేవారు, కంపెనీ పెట్టిన జార్జ్ పుల్‌మన్ పేరుతో. బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు అది. 'ఒరేయ్' అని మార్చేస్తే చులకన వస్తుంది గానీ, సొంత పేరు ఊడబెరికిన సంగతి పోతుంది.

— మార్చలేదండీ, వివరణ లేకుండా వదిలేశారు. రెండు అధ్యాయాల్లో ఇద్దరు పోర్టర్లుంటే ఇద్దరూ ఒకే జార్జ్ అనుకున్నాను నేను!

— 'కూలీల నాయకుడు' అంటే ఆయనా మూటలు మోశాడనిపిస్తుంది. రాండాల్ఫ్ ఒక్కరోజూ పుల్‌మన్ పోర్టర్‌గా చేయలేదు, పత్రిక నడిపేవాడు. కంపెనీ ఉద్యోగంలోంచి తీసేయలేని మనిషి కావాలనే 1925లో తమ కార్మిక సంఘాన్ని నడపమని పోర్టర్లు ఆయన దగ్గరికి వెళ్ళారు. పుల్‌మన్ కంపెనీ సంఘంతో ఒప్పందం మీద సంతకం పెట్టడానికి 12 ఏళ్ళు పట్టింది. 1941లో పదివేలమందితో వాషింగ్టన్‌కి ఊరేగింపుగా వస్తానని మొదలుపెట్టి, లక్ష దాకా వెళ్ళాడు. రక్షణ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతి వివక్ష చూపకూడదని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జూన్ 25న ఉత్తర్వు ఇస్తే గానీ ఊరేగింపు ఆపలేదు. 1955లో బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు అరెస్టైన రోజా పార్క్స్‌కి బెయిలు ఇప్పించిన ఇ.డి. నిక్సన్ కూడా పుల్‌మన్ పోర్టరే. అక్కడా 'కూలీ' అని పడిందేమో వెతకండి. ఇంకోటి, రాండాల్ఫ్ ముందుండి నడిపిన 1963 వాషింగ్టన్ ప్రదర్శన పేరు 'ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం'. ఉద్యోగాలే ముందు. దాన్ని 'స్వేచ్ఛా యాత్ర' అని కుదించనివ్వకండి.

— 'సహాయక్' అంటే బాగోదా?

— 2016 రైల్వే బడ్జెట్‌లో ఆ పేరు మన కూలీలకే ఇచ్చేశారండీ. ప్లాట్‌ఫాం మీద మాత్రం ఎవరూ అలా పిలవగా నేను వినలేదు.