‘కామాంధుడు’ నిజంగా కన్ను కానరానివాడా?

మిత్రులకు నమస్కారం. పత్రికల్లో రోజూ కనిపించే ‘కామాంధుడు’ అన్న మాట నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

కామ, అంధ కలిస్తే సవర్ణదీర్ఘ సంధి. కామంతో కళ్లు మూసుకుపోయినవాడని అర్థం. ‘కామాతురాణాం న భయం న లజ్జా’ అన్న పాత సూక్తిలోనూ ఇదే భావం: అతడికి భయమూ ఉండదు, సిగ్గూ ఉండదు.

గత నెల పరకాల దగ్గర ఒక బడిలో ఏడో తరగతి పిల్లలతో బాలల రక్షణ గురించి మాట్లాడాను. ఈ మాట విన్నారా అంటే అందరూ చేతులెత్తారు. అలాంటివాడి బొమ్మ గీయమన్నాను. ఒక అమ్మాయి ఎర్ర పెన్నుతో కళ్లు దిద్ది, మాసిన గడ్డం పెట్టి, వెనక చెట్లు గీసింది. ఏ ఒక్కరి కాగితం మీదా ఇల్లు లేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో నమోదైన 31,677 అత్యాచార కేసుల్లో 96.5 శాతం కేసుల్లో నిందితులు బాధితులకు తెలిసినవారే. బంధువులు, ఇరుగుపొరుగు, స్నేహితులు, పని ఇచ్చినవారు. పిల్లల విషయంలో అలాంటివాడు చాలాసార్లు ముందు ఇంటివాళ్ల నమ్మకం సంపాదిస్తాడు, బిడ్డ ఒంటరిగా ఉండే వేళ కనిపెడతాడు, ‘అమ్మకు చెప్పావంటే చూడు’ అని బెదిరిస్తాడు. భయం లేనివాడు తలుపు గడియ ఎందుకు పెడతాడు? అతడికి కళ్లు బాగానే కనిపిస్తున్నాయి.

అమెరికా మనస్తత్వవేత్త నికొలస్ గ్రోత్ నేరస్థులను పరిశీలించి 1979లోనే చెప్పారు: అత్యాచారంలో కామం కన్నా పెత్తనం, కోపం ముందుంటాయి, కొందరికి ఎదుటివారి బాధే ఆనందం. కామాన్ని అంతగా పక్కన పెట్టలేమని తర్వాత వచ్చినవారిలో కొందరు వాదించారు. కానీ మన మాట ఆ వాదనకు చోటే ఇవ్వదు. పేరులోనే కారణం తేల్చేస్తుంది.

వ్యాఖ్య: మదాంధుడు, క్రోధాంధుడు కూడా ఉన్నాయి కదండీ. కావ్యాల్లో అంధుడంటే వివేకం లేనివాడనే.

జవాబు: నిజమేనండీ, పద్యంలో నాకు అభ్యంతరం లేదు. వార్తలో మాత్రం అది చేసినవాడికి సాకు అవుతుంది. పైగా చూపు లేనివారికి ఈ పోలిక ఎంత అవమానమో ఆలోచించండి.

వ్యాఖ్య: నేను హన్మకొండలో జిల్లా పేజీ చూస్తాను సార్. శీర్షికలో చోటు తక్కువ. మరేం రాయమంటారు?

జవాబు: తీర్పుకు ముందు ‘నిందితుడు’, తర్వాత ‘దోషి’. రెండూ చిన్న మాటలే. పొరుగువాడైతే పొరుగువాడని రాయండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ మీకు తెలిసిందే, బాధిత పిల్లలెవరో వార్తల్లో బయటపెట్టకూడదు. సంబంధం చెబితే పిల్ల ఎవరో ఊరికి తెలిసిపోతుందనుకుంటే, ‘తెలిసినవాడే’ అని ఆపేయండి.