అప్‌డేట్: వెలుతురు పడితే కంటి కణం నిజంగానే కదులుతుంది

రెటీనా (కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే పొర) కణాల మీద వెలుతురు పడినప్పుడు రసాయన మార్పేనా, కణం ఆకారం కూడా మారుతుందా అని ఆమధ్య అడిగాను కదా. ట్యూషన్ పిల్లోడు వేసిన ప్రశ్న అది. జవాబులిచ్చిన వాళ్లకు థాంక్స్. మిగిలిన అనుమానాలు ఇక్కడే తిరుపతిలో ఫిజియాలజీ చెప్పే ఒక మేడమ్‌ను అడిగి తెలుసుకున్నా.

మొదటి కదలిక అణువులోనే. ఈ కణాల్లో వెలుతురును పట్టే ప్రోటీన్ రోడాప్సిన్. దాన్లో వంకరగా ఉండే రెటినాల్ (విటమిన్-ఎ నుంచి వచ్చేదే) ఫోటాన్ (వెలుతురు రేణువు) తగలగానే నిటారుగా సాగుతుంది. దానికి పట్టేది సుమారు 200 ఫెమ్టోసెకన్లు (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లో వంతు)!

తర్వాతది కాస్త తిరకాసు. చీకట్లో ఈ కణం లోపలి వోల్టేజీ, బయటితో పోలిస్తే, మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. అప్పుడది గ్లుటమేట్ (పక్క కణానికి సంకేతం అందించే రసాయనం) వదులుతూనే ఉంటుంది. వెలుతురు పడితే సోడియం లోపలికొచ్చే దారులు మూసుకుని మైనస్ 70 వైపు దిగుతుంది, గ్లుటమేట్ తగ్గుతుంది. వెలుతురొస్తే పని తగ్గించుకునే కణమన్నమాట.

ఇక ఆకారం సంగతి. శంకు కణం (రెటీనాలో రంగులు చూసే కణం) బయటి భాగం మొదటి కొన్ని మిల్లీసెకన్లలో నానోమీటర్ల మేర కుంచించుకుంటుంది. ఆపైన నెమ్మదిగా సాగుతుంది, ఫ్లాష్ గట్టిదైతే వందల నానోమీటర్ల దాకా. కుంచించుకోవడం కణం పొర వోల్టేజీ మారడం వల్ల, సాగడం నీళ్లు చేరడం వల్ల అంటున్నారు. దీన్ని కొలిచే పద్ధతి ఆప్టోరెటినోగ్రఫీ. కంటాసుపత్రిలో మనకు తీసే మామూలు ఓసీటీ స్కాన్‌లో (వెలుతురుతో రెటీనా పొరల్ని చూపే పరీక్ష) ఇది తెలియదు.

రాత్రిపూట అలిపిరి రోడ్డులో హెడ్‌లైట్లు పడితే కళ్లు చురుక్కుమనేది ఇదేనా అని ఒకన్న అడిగారు. కాదన్నా, రెటీనాలో నొప్పి తెలిపే నరాలే ఉండవు.