బజర్‌బీటర్ (ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ గేమ్): సెంటర్‌కి జీతం ఎక్కువ, మ్యాచ్ రేటింగ్ నిలకడ లేదు

హనుమకొండ హూప్స్: మా సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) వయసు 24. రీబౌండింగ్ 14, ఇన్‌సైడ్ డిఫెన్స్ 13, ఇన్‌సైడ్ షాట్ 11. జట్టులో అందరికన్నా జీతం ఇతనికే ఎక్కువ. అయినా ఒక వారం రేటింగ్ బాగుంటుంది, మరో వారం పడిపోతుంది. స్కిల్ ఒక్కటీ తగ్గలేదు. ఏం చూడాలి?

గోదారి గార్డ్: ముందు గేమ్ షేప్ (ఆటగాడు ఆ వారం ఎంత ఫిట్‌గా ఉన్నాడన్నది) చూడండి అన్నా. వారంలో మూడు మ్యాచ్‌లూ పూర్తిగా ఆడిస్తే 144 నిమిషాలు అవుతాయి, షేప్ దిగిపోతుంది. బెంచీకే పరిమితం చేసినా దిగుతుంది. నేను 60 నుంచి 70 నిమిషాల మధ్య ఉంచుతాను: ఒక మ్యాచ్ మొత్తం, ఇంకోదాంట్లో బ్యాకప్‌గా కాసేపు. స్టామినా ఎంత? అది తక్కువైతే నాలుగో క్వార్టర్‌కి అలసిపోతాడు.

రిమ్ కింద రమణ: షేప్ సంగతి నిజమే. కానీ అసలు చిక్కు జీతం దగ్గరే ఉంది, కొత్తవాళ్లు చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఆటగాడి జీతాన్ని అతనికి బాగా నప్పే పొజిషన్ లెక్కన కడతారు. సెంటర్‌కి ఇన్‌సైడ్ స్కిల్స్ పెరిగేకొద్దీ జీతం ఎగబాకుతుంది. పాసింగ్, హ్యాండ్లింగ్, డ్రైవింగ్ పెంచితే జీతం పెద్దగా కదలదు, కోర్టులో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. హ్యాండ్లింగ్ (బంతిని అదుపులో ఉంచుకోవడం) లేని సెంటర్ చేతికి బంతి వచ్చిందంటే టర్నోవర్ భయమే, అంటే బంతి ఎదుటి జట్టుకి పోతుంది. జీతం చూసి ఆటగాణ్ని కొనకండి. స్కిల్స్ పేజీలో అన్ని గడులూ చదవండి.

అదీ కాక ఒక్కో స్కిల్‌కి కనిపించని దశాంశాలు ఉంటాయి. 13 అని ఉన్న ఇద్దరిలో ఒకడు అప్పుడే 13కి వచ్చి ఉండొచ్చు, ఇంకొకడు 14 అంచున ఉండొచ్చు.

హనుమకొండ హూప్స్: స్టామినా 5. హ్యాండ్లింగ్ 3, పాసింగ్ 2. పోయిన వారం 130 నిమిషాల పైనే ఆడాడు. ఇప్పుడు పాసింగ్ నేర్పించడం కుదురుతుందా?

విశాఖ త్రీ పాయింటర్: కుదురుతుంది, నెమ్మదిగా. పొడుగువాళ్లకి ఇన్‌సైడ్ స్కిల్స్ త్వరగా వస్తాయి, బయటి స్కిల్స్ ఆలస్యంగా వస్తాయి. వయసు పెరిగినకొద్దీ వేగం ఇంకా తగ్గుతుంది. అందుకే డ్రాఫ్ట్‌లో వచ్చిన 18 ఏళ్ల పొడుగు కుర్రాణ్ని నేను మొదటి రెండు సీజన్లు పాయింట్ గార్డ్‌గానే (బంతిని నడిపించే పొజిషన్‌లో) ఆడిస్తాను. లీగ్‌లో మ్యాచ్ ఓడిపోతామని టెన్షన్ ఉంటే ఫ్రెండ్లీలో దించండి. ఆ వారం ట్రైనింగ్‌లో ఎంచుకున్న పొజిషన్‌లో 48 నిమిషాలు పూర్తయితే చాలు, పూర్తి ట్రైనింగ్ అందుతుంది. ఒకటే పొజిషన్ పెడితే ముగ్గురికి సరిపోతుంది, మూడు మ్యాచ్‌లు కదా.

రిమ్ కింద రమణ: పొటెన్షియల్ (ఆటగాడు ఎంతవరకు ఎదగగలడన్న హద్దు) కూడా చూసుకోండి. హద్దు దగ్గరపడితే ట్రైనింగ్ బాగా మందగిస్తుంది. మీవాడికి ఇంకా చోటు ఉంటే ముందు హ్యాండ్లింగ్, తర్వాత పాసింగ్. హద్దుకి చేరిపోయి ఉంటే ఈ సీజన్ ముగిసి కొత్త జీతం లెక్క కట్టకముందే అమ్మేయడం మేలు.

హనుమకొండ హూప్స్: ఇంకా చోటు ఉంది. ఈ గురువారం ఫ్రెండ్లీలో పాయింట్ గార్డ్‌గా దించుతున్నాను, శనివారం లీగ్ మ్యాచ్‌లో బ్యాకప్ సెంటర్‌గా పెడతాను.